మిడ్గార్ నగరానికి మళ్లీ వెళ్లాలంటే

ప్రశ్న: తొంభైల చివర్లో మా మేనమామ సింగపూర్ నుంచి తెచ్చిన ప్లేస్టేషన్‌లో ‘ఫైనల్ ఫాంటసీ 7’ ఆడాను. అందులోని ఇంగ్లీషు సగమే అర్థమయ్యే వయసది. అయినా వేసవి సెలవులన్నీ దానితోనే గడిచాయి. ఈ మధ్య దాని రీమేక్ కొన్నాను. బొమ్మలు అద్భుతంగా ఉన్నాయి కానీ, కొంతదూరం ఆడేసరికి ఇది నా ఆట కాదనిపించి పక్కన పెట్టేశాను. కథ కూడా మార్చారంటున్నారు. పాత ఆటను నేనే మనసులో పెద్దది చేసుకున్నానా, లేక కొత్తదానిలోనే లోపముందా? కొనసాగించమంటారా?
– ఒక పాఠకుడు, విజయవాడ

జవాబు: తప్పకుండా కొనసాగించండి. మీ జ్ఞాపకంలో అతిశయం లేదు, కొత్త ఆటలో పెద్ద లోపమూ లేదు. 1997లో స్క్వేర్ సంస్థ మూడు డిస్కుల్లో విడుదల చేసిన ఆ ఆటలో పాత్రలకు గొంతు లేదు; మాటలన్నీ నీలిరంగు పెట్టెల్లో అక్షరాలుగా కనిపించేవి. ముందే తయారుచేసి పెట్టిన నేపథ్య చిత్రాల మీద, వేళ్లు కూడా విడిగా లేని చిన్న చిన్న ఆకారాలు నడిచేవి. కథానాయకుడు క్లౌడ్ తల దించుకుంటే అది సిగ్గో, దుఃఖమో, అలసటో తేల్చుకోవలసింది మీరే. ఆ గొంతు ఎలా ఉంటుందో కూడా ఆనాడు మీరే ఊహించుకున్నారు. రీమేక్‌లో నటుల గొంతులు, స్పష్టమైన ముఖకవళికలు ఆ పనంతా మీ చేతిలోంచి తీసేసుకున్నాయి కనుక మీకు పరాయితనం తోచడం సహజమే.

నిడివి సంగతి కూడా ఉంది. పాత ఆటలో మిడ్గార్ నగరాన్ని ఐదారు గంటల్లో దాటి విశాల ప్రపంచంలోకి వెళ్లిపోయేవాళ్లం; 2020 ఏప్రిల్‌లో వచ్చిన రీమేక్ ఆ ఒక్క నగరాన్నే ముప్పై, నలభై గంటల ఆటగా విస్తరించింది. సాగదీత లేదని చెప్పను. తప్పిపోయిన పిల్లులను వెతికి పెట్టడం, ఒకసారి దాటిన మురుగు కాలువల్లోకి మళ్లీ దిగడం వంటివి లేకపోయినా కథకు వచ్చే నష్టమేమీ లేదు.

అయితే ఈ విస్తరణలోనే రీమేక్ గొప్పతనం కూడా ఉంది. షిన్రా కంపెనీ కట్టిన ఈ నగరంలో డబ్బున్నవాళ్లు స్తంభాల మీద నిలిపిన బ్రహ్మాండమైన ఉక్కు పలక పైన బతుకుతారు, లేనివాళ్లు దాని నీడలోని మురికివాడల్లో బతుకుతారు. పాత ఆటలో కెమెరా కదలదు కాబట్టి, నెత్తిమీద పలక ఉందన్న సంగతిని మనం ఎక్కువగా మాటల ద్వారానే గ్రహించాం. ఇప్పుడు ఆ మురికివాడల్లో ఒకటైన సెక్టార్ 7 వీధిలో నిలబడి కెమెరాను పైకి తిప్పి చూడండి. ఆకాశం ఉండవలసిన చోట ఉక్కు దూలాలే కనిపిస్తాయి. ఆ పలకే ఒకరోజు ఆ వీధి మీద కూలుతుందని తెలిసిన మీలాంటివారికి, అక్కడి దుకాణదారులతో, పిల్లలతో గడిపే ప్రతి నిమిషమూ బరువుగానే ఉంటుంది.

షిన్రాపై పోరాడే క్లౌడ్ బృందంలోని జెస్సీ పాత్ర పెరిగిన తీరు కూడా గమనించండి. పాత ఆటలో ఆమెకు కొద్దిపాటి మాటలే ఉండేవి. ఇందులో ఒక రాత్రి క్లౌడ్ పలక పైనున్న ఆమె ఇంటికి వెళతాడు. ముందు గదిలో తల్లి అతిథులకు భోజనం పెడుతుండగా, లోపలి గదిలో షిన్రా ఉద్యోగి అయిన తండ్రి మాకో (షిన్రా నేలలోంచి తోడే శక్తి) విషప్రభావంతో స్పృహ లేకుండా పడి ఉంటాడు. క్లౌడ్ చప్పుడు చేయకుండా వెళ్లి అతని గుర్తింపు కార్డు తీసుకుంటాడు. షిన్రా మీద ఆమెకున్న కోపం ఎక్కడి నుంచి వచ్చిందో ఆ గదిలోనే అర్థమవుతుంది.

కథలో మార్పుల గురించి: (ఈ ఆటలు ఇంకా ఆడనివారు ఈ పేరా వదిలేయవచ్చు.) పాత దారి నుంచి కథ పక్కకు జరగబోయినప్పుడల్లా ‘విస్పర్స్’ అనే నీడలు వచ్చి అడ్డుపడతాయి. చివరి అధ్యాయాల్లో ఇది గందరగోళంగా మారిందన్న విమర్శతో నేను ఏకీభవిస్తాను. కానీ ఆ ఆలోచన మాత్రం నిజాయితీ గలది. ఆనాటి దర్శకుడు కితాసే ఇప్పుడు నిర్మాత. ఆనాడు పాత్రల రూపకల్పన చేసిన నొమురా రీమేక్ దర్శకుల్లో ఒకరు. కథా రచయిత నోజిమా కూడా తిరిగి వచ్చారు. పాత ఆటలో మొదటి డిస్కు చివర క్లౌడ్ సహచరి ఏరిత్ చనిపోతుందని మనకు తెలుసన్న సంగతి వారికీ తెలుసు. ఆ ఘట్టం తర్వాత వచ్చే పోరాటంలో మామూలు యుద్ధ సంగీతానికి బదులు ఉఎమత్సు కూర్చిన ఏరిత్ బాణీయే ఆగకుండా సాగింది. దాన్ని విన్నవారిని మళ్లీ కొత్తవారిగా మార్చడం ఎవరి వల్లా కాదు. అందుకే ‘ఈసారైనా తప్పుతుందా?’ అన్న మన ఆశనే వారు కథలోకి తెచ్చారు.

నా సలహా ఏమిటంటే, ముందు పాత ఆటను మిడ్గార్ దాటేవరకు మళ్లీ ఆడండి. ప్లేస్టేషన్ 4, స్విచ్‌లలో దొరికే రూపంలో వేగాన్ని మూడు రెట్లు పెంచుకోవచ్చు, దారిలో హఠాత్తుగా ఎదురయ్యే పోరాటాలను ఆపుకోవచ్చు. ఆ తర్వాత రీమేక్‌కు రండి. కొత్త పోరాట పద్ధతి చేతికి రాకపోతే ‘క్లాసిక్’ ఎంచుకోండి. పాత్ర తనంతట తానే పోరాడుతుంది, గేజ్ నిండినప్పుడు ఆజ్ఞ ఇవ్వడమే మీ పని.

ప్రశ్న: మా అబ్బాయికి పన్నెండేళ్లు. పాతది ఆడకుండా నేరుగా రీమేక్ మొదలుపెట్టవచ్చా? ఆ వయసుకు తగినదేనా?
– ఒక తల్లి, హన్మకొండ

జవాబు: అమెరికా రేటింగ్ ప్రకారం ఇది పదమూడేళ్లు దాటినవారికి. హింసతో పాటు, వాల్ మార్కెట్ భాగంలో పెద్దల వ్యవహారాలు కొన్ని ఉన్నాయి కనుక ఒక ఏడాది ఆగడమో, పక్కన కూర్చుని ఆడించడమో మంచిది. నేరుగా ఆడవచ్చు గానీ, పాత ఆటలోని మిడ్గార్‌లో కంటికి దాదాపు కనిపించకుండానే భయపెట్టిన ప్రతినాయకుడు సెఫిరాత్ ఇందులో మొదట్లోనే ఎదురవుతాడు. అతడెవరో తెలియని పిల్లవాడికి ఆ సన్నివేశాలు అయోమయంగా ఉంటాయి. రీమేక్‌లో కథ పూర్తికాదనీ ముందే చెప్పండి. అది మిడ్గార్ పొలిమేరలో ఆగుతుంది, తరువాయి భాగం 2024లో ‘రీబర్త్’గా వచ్చింది, ముగింపును మూడో భాగానికి ఉంచారు.