స్పానిష్ పాస్ట్ టెన్స్‌లో స్టెమ్ ఛేంజింగ్ వెర్బ్స్ ఎలా మారతాయి?

ప్రెటెరిట్‌లో (జరిగి ముగిసిపోయిన పనిని చెప్పే పాస్ట్) స్టెమ్ (ఎండింగ్ తీసేస్తే మిగిలే వెర్బ్ భాగం) మారేది ఇర్‌తో ముగిసే వెర్బ్స్‌కే, అదీ అతను/ఆమె, వాళ్ళు, మర్యాదగా అనే మీరు రూపాల్లోనే. ప్రెజెంట్‌లో ఒత్తి పలికేది స్టెమ్‌ని కాబట్టి ఎ కాస్తా ఇయె అవుతుంది, పాస్ట్‌లో ఆ ఒత్తు ఎండింగ్ మీదకి జారిపోతుంది కాబట్టి అర్, ఎర్ వెర్బ్స్‌లో మార్పుకి పనే లేదు. ఇర్ వాటిలో మాత్రం ఇయో, ఇయెరోన్ ఎండింగ్‌లు ముందున్న అచ్చుని లాగేస్తాయి, ఎ ఇ అవుతుంది, ఒ ఉ అవుతుంది.

పెదిర్ (అడగడం) తీసుకోండి: పెదీ (నేను), పెదిస్తే (నువ్వు), పిదియో (అతను/ఆమె), పెదీమోస్ (మేము), పిదియెరోన్ (వాళ్ళు). దోర్మిర్ (నిద్రపోవడం) కూడా అంతే, దోర్మీ కానీ దుర్మియో.

చాలామంది ప్రెజెంట్‌లో పియెన్సో (ఆలోచిస్తాను) కదా అని పాస్ట్‌లో పియెన్సే రాసేస్తారు, అది తప్పు, పెన్సే అనే రాయాలి. కెరెర్ (కోరుకోవడం), పోదెర్ (చేయగలగడం) లాంటి మొండి ఘటాలు పూర్తి ఇర్రెగ్యులర్ (కీసే, పూదే), వాటిని బట్టీ పట్టాల్సిందే. ఇంపర్‌ఫెక్ట్‌లో (అలవాటుగా జరిగిన, జరుగుతూ ఉన్న పనుల్ని చెప్పే ఇంకో పాస్ట్) అయితే ఈ స్టెమ్ మార్పు గోలే ఉండదు.