అమెరికాలో వలస కుటుంబాల పిల్లలకు రాజకీయాల్లో దారి ఉంటుందా?

మీ తమ్ముడి కూతురు మేరీలాండ్‌లో హైస్కూలు చదువుతోందని, పొలిటికల్ సైన్స్ తీసుకుని రేపు ఎన్నికల్లో నిలబడతానంటోందని, కందుకూరులో ఇంటిల్లిపాదికీ టెన్షన్‌గా ఉందని రాశారు. వలస వెళ్లినవాళ్ల పిల్లలకు అక్కడ దారి ఉంటుందా అని అడిగారు.

ఉంటుందండీ. ఆ రాష్ట్రంలోనే మనమ్మాయి ఒకామె నడిచి చూపించింది. అరుణా మిల్లర్, పుట్టింటి పేరు కాట్రగడ్డ. 1964లో హైదరాబాద్‌లో పుట్టి, ఏడేళ్ల వయసులో 1972లో అమెరికా వెళ్లింది. సివిల్ ఇంజినీరింగ్ చదివి మాంట్‌గొమరీ కౌంటీ (కౌంటీ అంటే మన జిల్లా లాంటిది) రవాణా శాఖలో పాతికేళ్ల పాటు పనిచేసింది. 2010లో రాష్ట్ర ప్రతినిధుల సభకు గెలిచింది. 2022 నవంబరులో వెస్ మూర్ గవర్నర్‌గా, ఆమె లెఫ్టినెంట్ గవర్నర్‌గా గెలిచారు. అక్కడ గవర్నరంటే జనం ఓట్లేసి ఎన్నుకునే పదవి, మన ముఖ్యమంత్రి లాంటిది. ఈమెది ఆ తర్వాతి స్థానం. 2023 జనవరి 18న రాష్ట్ర రాజధాని అన్నాపోలిస్‌లో భగవద్గీత మీద చెయ్యి పెట్టి ప్రమాణం చేసింది. ఆ వీడియో చూస్తూ మా ఆవిడ కళ్లు తుడుచుకుంది. నాకూ గుండె నిండిపోయింది.

అయితే నన్ను ఎక్కువగా కదిలించింది ఆ ప్రమాణం కన్నా ఆ పాతికేళ్ల ఉద్యోగమే. నేను ఒంగోలులో రోడ్లు భవనాల శాఖలో పనిచేసి రిటైరయ్యాను. కొత్తపట్నం వైపు పని చేయిస్తున్నప్పుడు ఊళ్లవాళ్లు వచ్చి, కల్వర్టు ఇక్కడ కాదు సార్, అదిగో అక్కడ వెయ్యాలి అనేవాళ్లు. వాననీళ్లు ఎటు పారతాయో వాళ్లకు తెలిసినంతగా మా డ్రాయింగులకు తెలియదు. మా అమ్మాయి కాపురం మాంట్‌గొమరీ కౌంటీలోనే. అక్కడికి వెళ్లినప్పుడు ఒక సాయంత్రం కౌంటీవాళ్ల బహిరంగ విచారణకు తీసుకెళ్లింది. బస్టాపు దగ్గర రోడ్డు దాటడం కష్టంగా ఉందని ఒక ముసలావిడ మైకు ముందు నిలబడి చెబుతుంటే అధికారులు రాసుకుంటున్నారు. ఇలాంటి మాటలు పాతికేళ్లు విన్న మనిషి ఓటడగడానికి వస్తే జనం నమ్మరా? నా దృష్టిలో ఆమె రాజకీయం అక్కడే మొదలైంది.

మీవాళ్లకు చెప్పాల్సిన ఇంకో సంగతి, మేరీలాండ్ శాసనసభ ఏడాదికి 90 రోజులే నడుస్తుంది. అందుకే అక్కడ చాలామంది సభ్యులు ఉద్యోగమో వ్యాపారమో చేసుకుంటూనే ఉంటారు. ఈమె కూడా గెలిచాక కొన్నేళ్లు ఇంజినీరుగా కొనసాగింది. రాజకీయాల్లోకి వెళ్తే తిండికి ఎలా అన్న భయం మన జిల్లాల్లో సహజం, కానీ అక్కడ లెక్క వేరు.

ఓటమి కూడా ఉంది, దాన్ని దాచొద్దు. 2018లో కేంద్ర ప్రతినిధుల సభ కోసం పార్టీ ప్రైమరీలో, అంటే పార్టీ అభ్యర్థిని ఎంచుకునే ఎన్నికలో నిలబడితే, సొంత డబ్బు మిలియన్ల డాలర్లు కుమ్మరించిన డేవిడ్ ట్రోన్ చేతిలో ఓడిపోయింది. ఆయనకు 40 శాతం, ఆమెకు 31 శాతం దాకా ఓట్లు వచ్చాయి. నాలుగేళ్ల తర్వాత రాష్ట్రమంతా ఓట్లేసి గెలిపించింది.

చట్టం సంగతికొస్తే, పుట్టుకతో పౌరులు కానివాళ్లు అధ్యక్షులు, ఉపాధ్యక్షులు కాలేరు. మిగతా పదవులకు ఆ అడ్డు లేదు. కేంద్ర ప్రతినిధుల సభకు ఏడేళ్లు, ఎగువ సభ అయిన సెనేట్‌కు తొమ్మిదేళ్లు పౌరులై ఉండాలి. అరుణ ఏడేళ్లప్పుడు వెళ్లినా పౌరసత్వం వచ్చింది 2000లో, అంటే వెళ్లిన 28 ఏళ్లకు. మీ పాప అక్కడే పుట్టి ఉంటే పౌరసత్వం వల్ల ఏ పదవికీ ఆటంకం లేదు.

ఊరు కాని ఊరు వెళ్లి ఎదగడం మనకు కొత్తా? టంగుటూరి ప్రకాశం పంతులు గారు చిన్నప్పుడే తండ్రిని పోగొట్టుకున్నారు. తల్లి సుబ్బమ్మ గారు ఒంగోలులో పూటకూళ్ల ఇల్లు నడిపి పిల్లల్ని పోషించింది. ఆయన రాజమండ్రి చేరి, వకీలై, ఆ ఊరి మునిసిపల్ ఛైర్మన్‌గా మొదలుపెట్టి మద్రాసు ప్రధానమంత్రి (అప్పట్లో ముఖ్యమంత్రిని అలాగే అనేవాళ్లు) దాకా వెళ్లారు. ఆయన మొదట ఎక్కిన మెట్టు కూడా పట్టణ పాలనే చూడండి.

కాబట్టి పాపను పొలిటికల్ సైన్స్ చదవనివ్వండి. దాంతోపాటు తాముండే కౌంటీ సమావేశాలకు ఇప్పటినుంచే వెళ్లమనండి. నవంబరు ఎన్నిక నాటికి 18 నిండేవాళ్లు మేరీలాండ్‌లో 17కే ప్రైమరీలో ఓటేయొచ్చు. మాంట్‌గొమరీ కౌంటీలోని టకోమా పార్క్ పట్టణంలోనైతే నగర ఎన్నికల్లో 16 ఏళ్లకే ఓటుంది, పౌరసత్వం రానివాళ్లకు కూడా ఉంది. మీ తమ్ముడి ఇల్లు ఏ ఊళ్లో ఉందో కనుక్కోండి.