ఉద్యోగం మానేస్తాడేమోనని భయమా? ముందు ఇది చదవండి

ప్రశ్న: మాది తిరుపతి. ఆర్టీసీలో చేసి రిటైరయ్యాను. మా అబ్బాయి బెంగళూరు కంపెనీలో సాఫ్ట్‌వేర్ ఇంజనీర్. వారంలో రెండు రోజులు ఆఫీసు, మిగతా రోజులు ఇంటి నుంచే పని. కొన్నాళ్లుగా రాత్రిళ్లు కూర్చుని లాడ్జీలకు పనికొచ్చే సాఫ్ట్‌వేర్ తయారు చేస్తున్నాడు. సొంతంగా వ్యాపారం పెడతానంటున్నాడు. మేమేమో సంబంధాలు చూస్తున్నాం. ఉద్యోగం మానేసి పూర్తిగా దిగడం మేలా, చేస్తూ నడపడం మేలా? అవసరమైతే నా రిటైర్మెంట్ డబ్బు ఇద్దామనుకుంటున్నాను.

జవాబు: సార్, మీరు రాసింది మీరే ఇంకోసారి చదువుకోండి. ఉద్యోగం మానేస్తానని మీవాడు అన్నట్టు ఇందులో ఎక్కడా లేదు. మానేస్తాడేమోనన్న భయం మీది. ఇలాంటి ప్రశ్నలు నాకు తరచూ వస్తాయి. అడిగేది వ్యాపారం గురించి, గుబులంతా సంబంధాల గురించి. అవతలివాళ్లు ‘అబ్బాయి ఎక్కడ చేస్తున్నాడు’ అంటే కంపెనీ పేరు చెప్పుకోవాలి. తండ్రిగా ఆ టెన్షన్ నాకు అర్థమవుతుంది. కానీ ఆ భారం తెచ్చి పిల్లవాడి నెత్తిన పెట్టడం న్యాయం కాదు.

మీవాడు చేస్తున్నది సరైన పనే. జీతం వస్తున్నన్ని రోజులు ఇల్లు గడవడం కోసం దొరికిన ప్రతి పనీ ఒప్పుకోనక్కర్లేదు. మెల్లగా నేర్చుకోవచ్చు, నచ్చకపోతే ఆపేయొచ్చు. ఆపేసినా అప్పు మిగలదు, నేర్చుకున్నది ఉద్యోగంలోనే పనికొస్తుంది.

నాకు అనుమానమల్లా ఈ మధ్య ఫ్యాషనైన స్టార్టప్ దారి మీదే. ఫండింగ్ కోసం తిరగడం, స్లైడ్లు చూపించి పోటీల్లో బహుమతులు తెచ్చుకోవడం, ఏఐ టూల్‌తో వారాంతంలో యాప్ చేసేసి ఫౌండర్ అని పేరు కింద రాసుకోవడం. వీటిలో డబ్బిచ్చే కస్టమర్ ఎక్కడున్నాడు? మన పక్కనే రేణిగుంటలోనూ ఆఫీసు పెట్టిన సాఫ్ట్‌వేర్ కంపెనీ జోహో, 1996లో అడ్వెంట్‌నెట్ పేరుతో మొదలైంది. బయటి పెట్టుబడి తీసుకోకుండా, కస్టమర్లిచ్చిన డబ్బుతోనే ఎదిగింది. అందరూ జోహో కాలేరు, నిజమే. ఆ పద్ధతి మాత్రం చిన్నవాళ్లకూ సరిపోతుంది.

కోడ్ రాయడం మీవాడికి వచ్చు. లాడ్జి తెలుసా అన్నదే నా ప్రశ్న. రాత్రి రెండింటికి బస్టాండు దగ్గర ఏదైనా కౌంటర్‌లో కూర్చుని చూడమనండి. టెంపో ట్రావెలర్‌లో పద్నాలుగు మంది దిగుతారు. రెండు రూములు చాలంటారు. స్నానాలు చేసి, సామాను అక్కడే పడేసి, తెల్లారకముందే అలిపిరికి బయల్దేరతారు. మన దగ్గర చాలా లాడ్జీల్లో దిగిన టైము నుంచి 24 గంటల లెక్క. మేనేజరు పొడుగు పుస్తకంలో ఆ టైము రాసుకుంటాడు. మధ్యాహ్నం పన్నెండుకు చెక్ అవుట్ అనుకుని రాసిన సాఫ్ట్‌వేర్ ఇక్కడ మొదటి రాత్రే మూలన పడుతుంది. ఒక్క మేనేజరు ఆ పుస్తకం పక్కన పెట్టి, నెలనెలా అడక్కుండానే డబ్బు కడితే చాలు. అప్పుడు రెండో లాడ్జి సంగతి ఆలోచించవచ్చు.

ఉద్యోగం చేస్తూ నడిపేవాళ్లకు అసలు కష్టం ఇంకోటుంది. బ్రహ్మోత్సవాలప్పుడు రూములన్నీ నిండి, పొద్దున పదకొండింటికి బిల్లు రాకపోతే ఫోనెవరు ఎత్తాలి? ఆ టైములో మీవాడు ఆఫీసు మీటింగులో ఉంటాడు. పగలు ఫోనెత్తే నమ్మకమైన మనిషినైనా చూసుకోవాలి, లేదా కౌంటర్ జోలికి పోకుండా నెలాఖరు లెక్కల పనితో మొదలుపెట్టాలి. అది రాత్రి సరిచేసినా కొంప మునగదు. నేనైతే రెండోదే చెబుతాను.

మీవాడి ఆఫర్ లెటరు, దాంతో వచ్చిన అగ్రిమెంటు ఇద్దరూ కూర్చుని చదవండి. బయటి పని చేయకూడదని ఉందా? తయారు చేసినవన్నీ కంపెనీవేనని ఉందా? 2022లో విప్రో, పోటీ కంపెనీలకూ పని చేస్తున్నారని 300 మందిని తీసేసిన సంగతి పేపర్లలో వచ్చింది. కాపీరైట్ చట్టం ప్రకారం ఉద్యోగంలో భాగంగా రాసిన ప్రోగ్రాం మీద, వేరే ఒప్పందం లేకపోతే, మొదటి హక్కు యజమానిదే. కాబట్టి ఆఫీసు లాప్‌టాప్‌లో ఒక్క లైను కూడా రాయకూడదు, ఆఫీసు టైములో అసలే వద్దు. హెచ్ఆర్‌కు మెయిల్ పెట్టి రాతపూర్వకంగా అనుమతి తెచ్చుకుంటే రాత్రి నిద్ర పడుతుంది.

ప్రైవేట్ లిమిటెడ్ కంపెనీ ఇప్పుడే వద్దు. దానికి కనీసం ఇద్దరు డైరెక్టర్లు కావాలి, అమ్మకాలు లేకపోయినా ఏటా ఆడిట్ చేయించాలి. తన పేరు మీదే చిన్నగా మొదలుపెట్టమనండి. సేవల మీద ఏడాది రాబడి 20 లక్షలు దాటేదాకా మామూలుగా జీఎస్టీ రిజిస్ట్రేషన్ అవసరం రాదు. వచ్చిన ప్రతి రూపాయినీ మాత్రం ఐటీ రిటర్నులో చూపించాలి.

ఇక మీ డబ్బు. ఇవ్వకండి సార్. మానేస్తాడేమోనని భయపడుతూనే రిటైర్మెంట్ సొమ్ము చేతిలో పెడతానంటే ఎలా? ఆ డబ్బు తీసుకున్న రోజు నుంచి ప్రతి నెలా మీ మొహం చూసి లెక్క చెప్పాలనిపిస్తుంది వాడికి. నష్టమొస్తే చెప్పకుండా దాచుకుంటాడు. మీ మందులకు, మీ ఇద్దరి తిండికి ఉంచుకోండి. పక్కింటివాళ్లబ్బాయి అమెరికా కబుర్లు భోజనాల దగ్గర ఎత్తకుండా ఉంటే వాడికి అదే పెద్ద పెట్టుబడి.

మానేయడం గురించి ఎప్పుడు మాట్లాడుకోవచ్చంటే, పరీక్షల సీజన్‌లో యాత్రికులు తగ్గే నెలలతో కలిపి ఏడాది పొడుగునా వ్యాపారం మీద వచ్చిందే ఇంటి ఖర్చుకు సరిపోయినప్పుడు. అంతవరకు మీరూ ఎత్తొద్దు, వాడినీ ఎత్తనివ్వొద్దు.

సంబంధం వాళ్లకు మాత్రం ఏదీ దాచకండి. ఉద్యోగం ఉందని మీరు చెప్పండి, రాత్రిళ్లు చేస్తున్న పని గురించి మీవాడినే అమ్మాయితో మాట్లాడనివ్వండి. శనివారాలు లాడ్జీల చుట్టూ తిరుగుతాడని ఆ పిల్లకు పెళ్లికి ముందే తెలియాలి.