కెమెరా ఊగితే చాలా?

ప్రశ్న: బ్రిటిష్ సోషల్ రియలిస్ట్ (సామాన్యుల బతుకును ఉన్నదున్నట్టు చూపే) సినిమాల్లో కార్మిక కుటుంబాల టీనేజర్లు నటిస్తున్నట్టే అనిపించరు. కెమెరా ఊగడం వల్లేనా?

జవాబు: ఊపుడు పైపై సంగతే. దర్శకుడు కెన్ లోచ్ 'కెస్' (1969)ను బార్న్‌స్లీలో తీస్తూ, ఆ బొగ్గుగనుల ఊరి బడిపిల్లాణ్నే హీరోగా పెట్టుకున్నాడు. కెమెరా దూరంగా, దూరంలో ఉన్నదాన్ని దగ్గరగా చూపే పొడవు లెన్సుతో, వీలైనంత సహజ వెలుగులో. దగ్గరికొస్తే పిల్లలు బిగుసుకుపోతారు మరి! ఆండ్రియా ఆర్నాల్డ్ 'ఫిష్ ట్యాంక్' (2009)లో మాత్రం కెమెరా కథానాయిక అయిన అమ్మాయిని వెన్నంటే ఉంటుంది, ఫ్రేము (వెడల్పు, ఎత్తుల నిష్పత్తి) 1.33:1, దాదాపు చతురస్రం, ఆమె ఉండే ఇరుకు ఫ్లాటుకు తగ్గట్టు. కథను వరుసగా తీస్తూ స్క్రిప్టు కొంచెం కొంచెంగా ఇచ్చారు. ముందే తెలిస్తే ముఖంలో ఉలికిపాటు కృతకమైపోతుంది. యాసనూ ముట్టుకోరు, దాన్ని రేడియో ఇంగ్లిష్‌లోకి దిద్దితే బొమ్మ అక్కడే తేలిపోతుంది.