పసి గుండెకు కాల్షియం అంత కీలకమెందుకు?

ప్రశ్న: రక్తంలో కాల్షియం తగ్గితే పెద్ద జంతువుల గుండె కొంతవరకు తట్టుకుంటుందనీ, అప్పుడే పుట్టిన పిల్లల గుండె మాత్రం త్వరగా నీరసిస్తుందనీ పశువైద్య తరగతిలో చెప్పారు. రెండూ గుండెలే కదా, ఈ తేడా ఎందుకు?

జవాబు: పుట్టిన రోజుకు గుండె కండర కణాల నిర్మాణం పూర్తయి ఉండదు, తేడాకు మూలం అదే. కాల్షియం లేనిదే గుండె ముడుచుకోదన్న సంగతిని 1883లో బ్రిటిష్ వైద్యుడు సిడ్నీ రింగర్ కప్ప గుండెతో నిరూపించారు. కుళాయి నీటితో కలిపిన ఉప్పు ద్రావణంలో చక్కగా కొట్టుకున్న గుండె, స్వేదనజలంతో కలిపిన ద్రావణంలో కాసేపటికే ఆగిపోయింది. కుళాయి నీటిలో ఉన్న కాల్షియమే అంతవరకూ దాన్ని నడిపించింది.

ఎదిగిన గుండె కణంలో సార్కోప్లాస్మిక్ రెటిక్యులం అనే కాల్షియం నిల్వ ఉంటుంది. ప్రతి స్పందనకూ బయటి నుంచి కొద్దిపాటి కాల్షియం లోపలికి రాగానే, ఆ నిల్వలోది ఒక్కసారిగా విడుదలై కండరాన్ని ముడుస్తుంది. పెద్ద కుందేలులో సంకోచానికి కావలసిన కాల్షియంలో సుమారు 70 శాతం, ఎలుకలో 90 శాతానికి పైగా ఇలా లోపలి నుంచే వస్తుంది. నిల్వను విడుదల చేయమనే సంకేతాన్ని కణం లోతుల దాకా మోసుకెళ్లేవి టి-గొట్టాలు, అంటే కణం పైపొర లోపలికి చొచ్చుకుపోయి ఏర్పడిన సన్నని గొట్టాలు. అప్పుడే పుట్టిన కుందేలు పిల్ల గుండెలో ఈ గొట్టాలు ఇంకా ఏర్పడవు, నిల్వ కూడా అంతగా ఎదగదు. అందువల్ల ఆ కణం ప్రతి స్పందనకూ బయటి కాల్షియం మీదే ఎక్కువగా ఆధారపడుతుంది. కణం సన్నగా ఉండటం వల్లనే ఆ ఏర్పాటు సరిపోతోంది. అయితే గొర్రెపిల్ల, గినీపిగ్ పిల్ల ఇంతకంటే పరిణతి చెందిన గుండెతో పుడతాయి కనుక, కుందేలులో చూసినదాన్ని అన్ని జంతువులకూ అన్వయించకూడదు.

చికిత్సలో ఇది నేరుగా కనిపిస్తుంది. రక్తంలోని మొత్తం కాల్షియంలో దాదాపు సగమే అయాన్ల రూపంలో, అంటే దేనికీ అంటుకోకుండా విద్యుదావేశంతో విడిగా, ఉంటుంది. గుండెకు ఉపయోగపడేది ఆ భాగమే. నిల్వ రక్తం గడ్డకట్టకుండా కలిపే సిట్రేట్ ఈ అయాన్లను పట్టేస్తుంది కాబట్టి, పసి పిల్లకు వేగంగా రక్తం ఎక్కిస్తే, మొత్తం కాల్షియం మామూలుగానే ఉన్నట్టు రిపోర్టు వచ్చినా, గుండె బలహీనపడి రక్తపోటు పడిపోవచ్చు. అప్పుడు అయాన్ల కాల్షియాన్నే కొలిపించాలి. లోటు తీర్చడానికి కాల్షియం గ్లూకోనేట్‌ను సిరలోకి చాలా నెమ్మదిగా, ఇసిజి చూస్తూ ఎక్కించాలి. తొందరపడితే గుండె వేగం తగ్గి, ఆగిపోయే ప్రమాదం కూడా ఉంది. స్పందనలు మందగిస్తున్నట్టు కనిపించిన క్షణమే ఇంజెక్షన్ ఆపాలి.