షికాగో ప్రయాణం గురించి మేనకోడలికి

చి॥ సౌ॥ మాధవికి మామయ్య ఆశీస్సులు.

నీవు పంపిన నాలుగు రోజుల పట్టిక అందింది. అందులో చూడవలసిన చోట్లు ఇరవై ఒకటి ఉన్నాయి. పొరపాటు పడ్డానేమోనని రెండుసార్లు లెక్కపెట్టాను. ముప్ఫై ఏళ్లకు పైగా ఈ ఊరి శివార్లలోనే కాపురం ఉంటున్న నాకే వాటిలో మూడింటి గడప తొక్కే తీరిక ఇంతవరకూ చిక్కలేదు. మోకాళ్ల నొప్పులతో అక్కయ్య, మధ్యాహ్నం భోజనమయ్యాక ఒక్క గంటయినా నడుం వాల్చనిదే కుదరని బావగారు వస్తున్నప్పుడు, ఆ పట్టికను పక్కన పెట్టి మొదటినుంచి ఆలోచించుకోవడం మేలని నా అభిప్రాయం. రోజుకు ఊరిలో ఒకే వైపు, అందులోనూ ఒకే పెద్ద చోటు, సాయంత్రానికి మిషిగన్ సరస్సు ఒడ్డు: ఇంతకు మించి పెట్టుకోవద్దు.

ముందుగా ఎప్పుడు రావాలన్నది. జూలై మొదటి వారం అనుకుంటున్నానని రాశావు. ఆ వారంలో స్వాతంత్ర్య దినోత్సవం సెలవులు కాబట్టి ఊరంతా జనం, హోటళ్ల ధరలు ఆకాశంలో. ఆగస్టు తొలినాళ్లలో గ్రాంట్ పార్కులో లొల్లాపలూజా సంగీతోత్సవం జరుగుతుంది; అక్టోబరు రెండో ఆదివారం మారథాన్. ఈ రెండు సమయాల్లోనూ గదులు దొరకడమే కష్టం. మే నెల చవకే కానీ, దానిలో ఒక మోసం ఉంది. సరస్సు నీరు వేసవికి చాలా నెమ్మదిగా వేడెక్కుతుంది. మా ఇంటి దగ్గర చొక్కా చేతులు మడుచుకునే ఎండ కాస్తున్న రోజున కూడా ఒడ్డున చలిగాలి చెవులు కొరుకుతుంది. సెప్టెంబరులో దీనికి తలకిందులు. వేసవంతా దాచుకున్న వేడి నీటిలో ఇంకా ఉంటుంది, పిల్లలు బడులకు వెళ్లిపోయి ఉంటారు, మ్యూజియాల్లో బెంచీలు ఖాళీగా దొరుకుతాయి. అందుచేత సెప్టెంబరు తొలి సోమవారం నాటి లేబర్ డే దాటాక, రెండో వారంలో రమ్మంటాను. నేవీ పియర్ దగ్గర వేసవిలో బుధ, శనివారాల రాత్రులు కాల్చే బాణసంచా అప్పటికి ఉంటుందో లేదో చూసుకోవాలి. అది లేకపోయినా పెద్ద నష్టమేమీ లేదు. ఎప్పుడు వచ్చినా అక్కయ్యకొక శాలువా, బావగారికొక మఫ్లరు చేతిసంచీలోనే ఉంచు.

హోటలు విషయంలో అక్కయ్య తప్పకుండా అలుగుతుంది. తమ్ముడి ఇంట్లో రెండు గదులు ఖాళీగా ఉండగా డబ్బు పోసి బయట ఉండడమేమిటని అడుగుతుంది. మేముండే నేపర్‌విల్ నుంచి ఊరి నడిబొడ్డుకు దాదాపు 30 మైళ్లు. రోజూ రానూ పోనూ చేస్తే వాళ్లకు మిగిలేది కారు కిటికీలోంచి కనిపించిన రహదారి ఒక్కటే. కాబట్టి మొదటి మూడు రాత్రులు మిషిగన్ అవెన్యూకి నడిచి వెళ్లగలిగేంత దూరంలో గది తీసుకో, ఆపైన రెండు రాత్రులు మా ఇంట్లో ఉండండి. అక్కయ్యకు నేను చెప్పుకుంటాను. గది ధర చూసి సంతోషపడకు. దాని మీద 17 శాతానికి పైగా పన్ను పడుతుంది, కొన్ని చోట్ల వసతి రుసుమని మరికొంత చేరుస్తారు. మకార్మిక్ ప్లేస్‌లో పెద్ద సదస్సు జరిగే వారమైతే అదే గది రెట్టింపు పలుకుతుంది, తేదీలు ఒకసారి సరిచూసుకో. ఫోను చేసి రెండు సంగతులు అడుగు: స్నానాలగదిలో ఎత్తైన తొట్టి కాకుండా నేలమట్టం షవరు ఉన్న గది ఇస్తారా అని, గదిలో ఎలక్ట్రిక్ కెటిల్ ఉంటుందా అని. ఇక్కడి గదుల్లో కాఫీ యంత్రమే ఉంటుంది కానీ వేడినీళ్ల పాత్ర ఉండదు. కెటిల్ దాకా సరే, పోపు దాకా పోవద్దు. ఒకసారి వంటింటి వసతి ఉన్న ఒక హోటల్లో మీ అత్తయ్య చారుకు ఎండుమిరపకాయ వేయించడం, పొగ అలారం మోగడం, మూడో అంతస్తు వాళ్లంతా రాత్రి దుస్తుల్లో వీధిలోకి దిగడం జరిగింది. వాళ్ల మధ్య గరిటె చేతిలోనే పట్టుకుని నిలబడిన మీ అత్తయ్య ముఖం నాకిప్పటికీ కళ్లకు కట్టినట్టుంది.

డాలస్ నుంచి వచ్చే విమానం ఓహేర్‌లో దిగినా మిడ్‌వేలో దిగినా ఫరవాలేదు. పెద్దవాళ్లకు చక్రాల కుర్చీ కావాలని టిక్కెట్టు కొనేటప్పుడే పెట్టు; దేశం లోపలి విమానమే కదా అని వాళ్ల పాస్‌పోర్టులు ఇంట్లో వదిలి రావద్దు, విమానాశ్రయంలో వాళ్లు చూపగలిగే గుర్తింపు అదొక్కటే. ఓహేర్ నుంచి ఊళ్లోకి బ్లూ లైను రైలు ముప్పావుగంటలో చేరుస్తుంది, చవక కూడా. అయితే కొన్ని స్టేషన్లలో లిఫ్టు లేదు. పటంలో చక్రాల కుర్చీ గుర్తు ఉన్న స్టేషను చూసుకుని దిగాలి. పెట్టెలతో వచ్చే మొదటి రోజు మాత్రం టాక్సీయే నయం.

మొదటి మూడు రోజులూ కారు అద్దెకు తీసుకోవద్దు. ఊళ్లో ఒక రాత్రి కారు నిలపడానికి అయ్యే ఖర్చుతో నలుగురూ భోజనం చేయవచ్చు. పైగా వాకర్ డ్రైవ్‌కు కింద మరో వాకర్ డ్రైవ్ ఉంది. ఆ సొరంగంలోకి ఒకసారి దిగితే ఫోనులోని దారిచూపే యంత్రం దిక్కులు మరిచిపోతుంది. నేను దిగాను, ఎక్కడ తేలతానో తెలియక ఇరవై నిమిషాలు తిరిగాను. పైన నేల మీద మాత్రం ఈ ఊళ్లో దారి తప్పడం కష్టం. స్టేట్, మాడిసన్ వీధులు కలిసే కూడలి సున్నా. దక్షిణాన తొలి మూడు మైళ్లు తప్పిస్తే, అక్కడినుంచి ఏ దిక్కుకు పోయినా ఇంటి నంబరు 800 పెరిగితే ఒక మైలు నడిచినట్టు. సరస్సు ఎటుందో అది తూర్పు. బావగారు చిరునామా చూసి దూరం చెప్పేయగలరు, ఆయనకది సరదాగా ఉంటుంది.

సరస్సు తూర్పున ఉందన్న మాటను మరికొంచెం సాగదీస్తాను, ఎందుకంటే నీ పట్టికలో లేనిది అదొక్కటే. ఇక్కడ సూర్యుడు నీటిలోంచి పైకి వస్తాడు, మన బందరు దగ్గర మంగినపూడిలో వచ్చినట్టే. విస్తీర్ణం దాదాపు 58 వేల చదరపు కిలోమీటర్లు, అంటే తెలంగాణలో సగానికి పైమాట. అవతలి ఒడ్డు కనబడదు. 1994లో మా అమ్మ, అంటే మీ అమ్మమ్మ, వచ్చినప్పుడు తెల్లవారుజామున ఆవిడను ఒడ్డుకు తీసుకువెళ్లాను. కార్తీక స్నానానికి వెళ్లినట్టు చెప్పులు దూరంగా విడిచి, కొంగు నడుముకు దోపుకుని, మెట్టు మీద కూర్చుని, నీరు దోసిట పట్టి తల మీద చల్లుకుంది. ఆపైన పెదవికి తగిలిన చుక్కను నాలుకతో చూసి నా వైపు తిరిగి, ‘ఇదేమిట్రా, సముద్రమన్నావు, ఉప్పే లేదు’ అంది. సముద్రం కాదమ్మా, చెరువే అంటే ఎంతకీ నమ్మలేదు. ఊరంతా తాగేది ఆ నీళ్లే. ఒడ్డునుంచి చూస్తే దూరాన నీళ్ల మధ్య చిన్న కోటల్లాంటి కట్టడాలు కనిపిస్తాయి. తాగునీటిని లోపలికి తీసుకునేది అక్కడినుంచే. బావగారికి అవి చూపించు. సెప్టెంబరు రెండో వారంలో సూర్యోదయం ఆరున్నర ప్రాంతాల్లో అవుతుంది, కాబట్టి ఎవరినీ అర్ధరాత్రి లేపనక్కరలేదు. మన పెద్దవాళ్లు ఎలాగూ అయిదింటికే లేచి, కాఫీ దొరక్క గదిలో పచార్లు చేస్తుంటారు.

మొదటి రోజు నది. ఇక్కడ పడవలు రెండు రకాలు. కొన్ని సరస్సులోకి పోయి ఊరిని దూరంనుంచి చూపి తెస్తాయి, కొన్ని నదిలోనే తిరుగుతూ భవనాల కథ చెబుతాయి. రెండోది ఎంచుకో, గంటన్నర ప్రయాణం, కూర్చునే చూడవచ్చు, అక్కయ్య మోకాళ్లకు పని లేదు. పైఅంతస్తులో నీడ ఉండదు, టోపీలు తప్పనిసరి. ఈ ఊరు 1871 అక్టోబరులో చాలా భాగం కాలిపోయింది. ఆ తరువాత కట్టుకున్నదే ఈ ఎత్తైన ఊరు. నది కథ ఇంకా విచిత్రం. పూర్వం ఇది సరస్సులో కలిసేది. ఊరి మురికంతా మోసుకువెళ్లి తాగే నీళ్లలోనే పోస్తుంటే, కాలువ తవ్వి 1900లో నది నడకనే వెనక్కి తిప్పేశారు. నీటిపారుదల శాఖలో పనిచేసిన బావగారికి ఈ ఒక్క సంగతి చాలు, మిగతా ప్రయాణమంతా దీని గురించే మాట్లాడతారు. దారిలో మెరీనా సిటీ జంట భవనాలు కనిపిస్తాయి. అక్కయ్య వాటిని మొక్కజొన్న పొత్తులనే అంటుంది, ఊళ్లోవాళ్లూ అలాగే అంటారు. పడవ దిగాక పక్కనే ఉన్న ట్రిబ్యూన్ టవర్ గోడ దగ్గరకు తీసుకువెళ్లు. దేశదేశాల కట్టడాల రాతిముక్కలు ఆ గోడలో పొదిగారు, వాటిలో తాజ్‌మహల్‌ది ఒకటి. వెతికి పట్టుకోవడమే సరదా.

రెండో రోజు ఆర్ట్ ఇన్‌స్టిట్యూట్, మిలీనియం పార్కు. ఈ మ్యూజియం వారంలో రెండు రోజులు, మామూలుగా మంగళ, బుధవారాల్లో, మూసి ఉంటుంది కాబట్టి తేదీ చూసుకుని ఆ రోజును అమర్చుకో. 1893 సెప్టెంబరు 11న వివేకానందుడు సర్వమత మహాసభలో మాట్లాడింది ఈ భవనంలోనే. చాలామంది మనవాళ్లు లోపల ఫుల్లర్టన్ హాలు చూసి, ఆయన నిలబడిన వేదిక ఇదేనని నమస్కరించి వస్తారు. ఆ హాలు 1898లో వచ్చింది. సభ జరిగిన చోటు ఇప్పుడు ఆ రూపంలో లేదు. బావగారికి ఈ సంగతి ముందే చెబితే నిరాశ పడరు. బయట మిషిగన్ అవెన్యూలో కొంత భాగానికి స్వామి పేరు పెట్టిన పలక ఉంది, ఫొటో అక్కడ తీయించు. లోపల అన్ని గదులూ తిరగాలని చూడకు. ఫ్రెంచి చిత్రకారుడు సూరా చుక్కలతో చిత్రించిన ఆదివారపు దృశ్యం ముందు బెంచీ మీద కూర్చోబెట్టు, దగ్గరకు వెళ్లి చుక్కలు, దూరం జరిగి మనుషులు చూడనివ్వు. ఆపైన హాపర్ గీసిన ‘నైట్‌హాక్స్’ చూసి బయటకు వచ్చేయండి. ఎదురుగా పార్కులో ముంబయిలో పుట్టిన అనీష్ కపూర్ చేసిన క్లౌడ్ గేట్ ఉంది, జనం దాన్ని చిక్కుడుగింజ అంటారు. దాని కిందకు వెళ్లి తల పైకెత్తి చూడమను. అక్కడికి రెండు వీధుల దూరంలోనే కల్చరల్ సెంటరు, ప్రవేశం ఉచితం. టిఫనీ అద్దాల గోపురం కింద చల్లగా కూర్చుని ఇంటినుంచి తెచ్చిన నీళ్లు తాగవచ్చు.

ఎత్తైన భవనం ఎక్కడం గురించి ఒక్క మాట. ఒకసారి ముందుగా టిక్కెట్లు కొన్నామన్న పట్టుదలతో మబ్బు రోజున చుట్టాలను పైకి తీసుకువెళ్లి, ఆరుగురికి డబ్బు కట్టి తెల్లటి గోడ చూపించి దించాను. ఆకాశం చూసి ఆ పూటే కొను. 110 అంతస్తుల విల్లిస్ టవరుకూ, 100 అంతస్తుల పాత హాన్‌కాక్ భవనానికీ నిర్మాణ రూపకల్పన చేసింది ఢాకాలో పుట్టిన ఫజ్లుర్ రహ్మాన్ ఖాన్ అనే ఇంజనీరు. విల్లిస్ టవరులో 103వ అంతస్తున గోడ బయటకు పొడుచుకు వచ్చిన గాజు పెట్టెలో నిలబడతారు. అక్కయ్యకు అది వద్దు. ఆవిడకు హాన్‌కాక్ 94వ అంతస్తునుంచి కనిపించే సరస్సు చాలు.

మూడో రోజు మ్యూజియం క్యాంపసు. చేపల షెడ్ అక్వేరియం, డైనోసారుల ఫీల్డ్ మ్యూజియం, గ్రహాల ఆడ్లర్ ప్లానెటేరియం మూడూ పక్కపక్కనే ఉంటాయి కాబట్టి మూడూ చూసేయాలని అందరికీ అనిపిస్తుంది. ఒకటి చూడండి. నేనైతే షెడ్ చూసి, గదికి పోయి నిద్రపోయి, సూర్యాస్తమయానికి గంట ముందు ఆడ్లర్ ముందున్న గట్టు మీదకు చేరమంటాను. అక్కడ మీరు నీటి మధ్యన ఉంటారు, ఊరంతా పడమటి వైపు వరుసగా నిలబడి ఉంటుంది, సూర్యుడు ఆ భవనాల సందుల్లోకి దిగుతాడు. చీకటి పడ్డాక కిటికీలు ఒక్కొక్కటీ వెలిగేదాకా లేవనివ్వకు.

తిండికి బెంగ లేదు. మందపాటి పిజ్జా ఒకసారి తినాలి. అది కాలడానికే ముప్పావుగంట పడుతుంది కాబట్టి ఆకలి వేయక ముందే వెళ్లి కూర్చోవాలి. ఒకటి తెప్పిస్తే నలుగురికీ సరిపోతుంది. దివాన్ వీధిలో మన దుకాణాలు చాలా ఉన్నాయి కానీ డాలస్‌లో దొరకనిదేమీ అక్కడ దొరకదు. పెద్దవాళ్లు అడిగితేనే వెళ్లు.

మూడో రోజు మరునాడు యూనియన్ స్టేషనులో మెట్రా రైలు ఎక్కి నేపర్‌విల్‌లో దిగండి, నేను కారుతో ప్లాట్‌ఫారం బయటే ఉంటాను. అరోరా బాలాజీ గుడి మా ఇంటికి దగ్గరే. లెమాంట్ రాముడి గుడి కొండ మీద ఉంది. అక్కడ మెట్లు ఎక్కనక్కరలేకుండా తీసుకువెళ్లడం నా బాధ్యత. లింకన్ పార్కు జంతుప్రదర్శనశాల, ఇండియానా ఇసుకదిబ్బలు, సైన్సు మ్యూజియంలోని జలాంతర్గామి, ఇవన్నీ నీవు పిల్లలతో వచ్చినప్పటికి అట్టే పెట్టు.

టిక్కెట్లు కొన్న రోజున విమానం వేళలు పంపు. అక్కయ్య వేసుకునే మందుల చీటీ ఫొటో కూడా పంపితే, ఇక్కడి డాక్టరుకు చూపి దగ్గర పెట్టుకుంటాను. గోంగూర పచ్చడి తెస్తే చేతిసంచీలో కాకుండా పెద్ద పెట్టెలో పెట్టు. తనిఖీ దగ్గర దాన్ని ద్రవపదార్థమంటారు, పోయినసారి నా సీసా అక్కడే ఆగిపోయింది.

ఇట్లు,
మీ మామయ్య