నగరాల్లోని పాత గుర్రప్పందెం మైదానాలు ఎందుకు మూతపడుతున్నాయి?

పందేలపై ఆసక్తి తగ్గడమే ఇందుకు కారణమా అంటే, అదొక కారణమే గాని, అసలు ఒత్తిడి నేల విలువ నుంచి వస్తోంది. ఒకప్పుడు ఊరి చివర కట్టిన మైదానం చుట్టూ నగరం పెరిగిపోయాక, ఏడాదిలో కొన్ని రోజులే పందేలు జరిగే ఆ విశాలమైన స్థలం ఇళ్లకో, వ్యాపార సముదాయాలకో ఇస్తే ఎన్నో రెట్లు ఆదాయం తెస్తుంది. లాస్ ఏంజెలెస్ సమీపంలో 1938లో మొదలైన హాలీవుడ్ పార్క్ 2013లో మూతపడగా, ఆ స్థలంలో 2020లో సోఫై స్టేడియం తెరుచుకుంది. సింగపూర్‌లో 180 ఏళ్లకు పైగా సాగిన పందేలు 2024 అక్టోబరులో ముగిశాయి. అక్కడి క్రాంజీ పందెం మైదానపు భూమిని ఇళ్ల నిర్మాణం తదితర అవసరాలకు ప్రభుత్వం తిరిగి తీసుకుంటోంది.

ఫోన్‌లోనే పందెం కాయగలిగిన ప్రేక్షకుడు మైదానానికి రావడం మానేశాడు. దాంతో టికెట్ల రాబడి పడిపోయింది, పాతబడిన ప్రేక్షక మండపాల మరమ్మతు ఖర్చు మాత్రం పెరుగుతూనే ఉంది.

అయితే మూసివేత అనివార్యమేమీ కాదు. హాంకాంగ్‌లోని హ్యాపీ వ్యాలీలో 1846 నుంచి పందేలు జరుగుతున్నాయి. అక్కడ పందేల నిర్వహణపై జాకీ క్లబ్ అనే సంస్థకు గుత్తాధిపత్యం ఉండడం, ట్రాక్ లోపలి ఖాళీ స్థలంలో ప్రజలకు ఆటస్థలాలు ఉండడం ఆ మైదానానికి బలం. నా దృష్టిలో ఈ రెండోదే ముఖ్యం, ఎందుకంటే పందేలు లేని రోజుల్లోనూ నగరవాసులకు ఉపయోగపడే మైదానాన్ని అమ్మడం ఏ ప్రభుత్వానికైనా కష్టమే. మూతపడిన చోట ఎక్కువగా నష్టపోయేది గుర్రాల సంరక్షకులు, శిక్షకులు; వారి నైపుణ్యానికి అదే నగరంలో మరో ఉపాధి దొరకడం అరుదు.